సాక్ష్యాన్ని చదవడం నేర్పిన ఆచార్యుడు: రోడోల్ఫ్ ఆర్చిబాల్డ్ రైస్ జీవితం

మన పాఠశాలకు డెబ్బై అయిదు సంవత్సరాలు నిండిన ఈ శుభసందర్భంలో ప్రత్యేక సంచిక కోసం ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని వ్రాసి ఇవ్వవలసిందిగా సంపాదకవర్గం వారు నన్ను కోరారు. కవులకు, సంఘసంస్కర్తలకు, దేశభక్తులకు మన చరిత్రలో కొదవ లేదు. వారి జీవితాలను మన పిల్లలు పాఠ్యపుస్తకాలలో చదువుతూనే ఉన్నారు. అందుచేత, మన దేశంలో అంతగా పరిచయం లేని ఒక ఉపాధ్యాయుణ్ణి ఎన్నుకున్నాను. ఆయన రాజు కాదు, సేనాని కాదు. నేరం జరిగిన చోట మిగిలిన గుర్తులను ఎలా చదవాలో విశ్వవిద్యాలయంలో పాఠంగా చెప్పిన తొలితరం ఆచార్యులలో అగ్రగణ్యుడు. ఆయన పేరు రోడోల్ఫ్ ఆర్చిబాల్డ్ రైస్.

ఈ ఎన్నికకు నా స్వంత కారణం కూడా ఒకటి ఉంది. నేను ఉపాధ్యాయినిగా చేరిన తొలి సంవత్సరాలలో, వేరొక ఊరి బడిలో పనిచేస్తుండగా, నా బల్లమీద పెట్టిన పరీక్ష రుసుము కనబడలేదు. మూడు పదిరూపాయల నోట్లు. ఒక బాలుడు బల్లవద్ద నిలబడి ఉండగా చూశామని ఇద్దరు పిల్లలు చెప్పారు. నేను అతణ్ణి మధ్యాహ్నమంతా వరండాలో నిలబెట్టాను. సాయంత్రం హాజరుపట్టీ తెరవగా ఆ నోట్లు అందులోనే ఉన్నాయి. ఆ ఇద్దరు పిల్లలు అబద్ధమాడలేదు. ఆ బాలుడు నిజంగానే బల్లవద్ద నిలబడ్డాడు, సుద్దముక్క తిరిగి పెట్టడానికి. నిలబడ్డాడన్న మాటనుంచి తీశాడన్న తీర్పుకు దుమికినదాన్ని నేనే. తరగతి యెదుట నా పొరపాటు ఒప్పుకున్నాను. అయినా మరుసటి వారం అతని తండ్రి వచ్చి పిల్లవాని పేరు తీయించుకొని వెళ్లిపోయారు. చూసినదానికీ, ఊహించినదానికీ నడుమ ఉన్న ఆ చిన్న అగాధం ఎంత ప్రమాదకరమో నాకు ఆనాడు తెలిసింది. ఆ అగాధాన్ని దాటకుండా మనిషిని నిలబెట్టే శాస్త్రం ఒకటి ఉందని, దానికి జీవితాన్ని అర్పించిన ఆచార్యులు ఉన్నారని చాలాకాలం తరువాత చదివి తెలుసుకున్నాను.

బాల్యం, విద్య

రైస్ 1875 జూలై 8వ తేదీన జర్మనీ దేశంలోని బాడెన్ ప్రాంతంలో, నల్ల అడవులని పేరుపడిన కొండసీమలో, హౌసాఖ్ పట్టణానికి సమీపంలోని హెష్ట్స్‌బెర్గ్ అనే చోట జన్మించారు. తండ్రి భూస్వామి. పదిమంది సంతానంలో ఆయన ఎనిమిదవవారు. జర్మనీలో పాఠశాల విద్య ముగించుకొని ఉన్నత విద్యకై స్విట్జర్లాండులోని లొజాన్ నగరానికి వెళ్లారు. అది ఫ్రెంచి భాష మాట్లాడే ప్రాంతం. ఇంటిభాష ఒకటి, చదువుభాష మరొకటి. తల్లిభాషకు దూరంగా, పరాయి నేలమీద స్థిరపడి, అక్కడివారికి అక్కరకు వచ్చే విద్యను సంపాదించిన వ్యక్తి ఆయన. తరతరాలుగా తెలుగునాడుకు వెలుపల నివసిస్తూ తెలుగు బడిని నిలుపుకున్న మనబోటివారికి ఈ విషయం ప్రత్యేకించి చెప్పనక్కరలేదు.

ఆయన అభ్యసించినది రసాయన శాస్త్రం. ఇరవై రెండేళ్ల వయస్సుకే ఆ శాస్త్రంలో డాక్టరేటు పట్టం పొందారు. 1901లో స్విట్జర్లాండు పౌరసత్వం స్వీకరించారు. అయితే ఆయన మనస్సును ఆకర్షించినది పరీక్షనాళికకంటె ఎక్కువగా ఛాయాచిత్రణం. ఆ కాలంలో ఫోటో తీయడమంటే నేడు మనం అనుకునేంత సులభం కాదు. గాజుపలకకు రసాయనాలు పూయడం, వెలుతురు కొలవడం, చీకటిగదిలో చిత్రాన్ని తేల్చడం, ఇదంతా రసాయనశాస్త్రమే. అందుచేత రసాయన శాస్త్రజ్ఞుడైన యువకుడు ఛాయాచిత్ర నిపుణుడు కావడంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమంతా ఆ నైపుణ్యాన్ని ఆయన ఎక్కడికి తీసుకొనిపోయారన్న దానిలోనే ఉంది.

కన్ను చూడనిది కెమెరా చూస్తుంది

పందొమ్మిదవ శతాబ్దం చివరివరకు ఐరోపా న్యాయస్థానాలు ముఖ్యంగా రెండింటిమీద ఆధారపడేవి. ఒకటి నేరస్థుని ఒప్పుకోలు, రెండవది కంటితో చూసినవారి మాట. ఒప్పుకోలును భయపెట్టి రాబట్టవచ్చు. చూసినవాని జ్ఞాపకం అతనికి తెలియకుండానే మారిపోవచ్చు. ఈ లోపాలను గుర్తించినవారు అక్కడక్కడ బయలుదేరారు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరానికి చెందిన న్యాయాధికారి హాన్స్ గ్రోస్ 1893లో నేరవిచారణాధికారులకోసం ఒక గొప్ప మార్గదర్శక గ్రంథం ప్రచురించారు. పారిస్ పోలీసుశాఖలో ఆల్ఫోన్స్ బెర్తియోన్ మనుషుల శరీరావయవాల కొలతలను బట్టి వారిని గుర్తించే పద్ధతిని రూపొందించారు.

ఈ చరిత్రలో మన దేశానికి కూడా గౌరవస్థానం ఉందని మన విద్యార్థులు తెలుసుకోవాలి. విషప్రయోగాల కేసులలో పరీక్షలు చేయడానికి రసాయన పరీక్షకుని ప్రయోగశాల మద్రాసులో 1849లోనే ఏర్పడింది. వేలిముద్రల ప్రయోజనాన్ని బెంగాలులో 1858 ప్రాంతంలో విలియం హెర్షెల్ గుర్తించారు. ఆ ముద్రలను వర్గాలుగా విభజించే విధానాన్ని తీర్చిదిద్దడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయుల కృషి అపారం. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసింది. ఆ విధానమే 1901లో లండన్ పోలీసుశాఖకు చేరింది. రైస్ వంటివారు ఐరోపాలో బోధించిన వేలిముద్రల శాస్త్రానికి ఊపిరి పోసినవారిలో మనవారూ ఉన్నారన్నమాట.

రైస్ పారిస్ వెళ్లి బెర్తియోన్ పద్ధతులను అభ్యసించారు. 1903లో న్యాయవిచారణలో ఛాయాచిత్రణం ఉపయోగాన్ని గురించి ఒక గ్రంథం వెలువరించారు. మనిషి రూపురేఖలను మాటలలో కచ్చితంగా వర్ణించే బెర్తియోన్ పద్ధతిపై 1905లో మరొక పుస్తకం వ్రాశారు.

ఆయన చూపిన మార్గాన్ని రెండు ఉదాహరణలతో చెప్పవచ్చు. ఒక దస్తావేజులో అంకెను చెరిపి మరొక అంకె వేశారనుకుందాం. ఎదురుగా పడే వెలుతురులో కంటికి ఏమీ కనబడదు. అదే కాగితంపై దీపపు కాంతిని పక్కనుంచి ఏటవాలుగా పడనిచ్చి ఫోటో తీస్తే, గీరినచోట లేచిన పోగుల నీడలు పడి మోసం బయటపడుతుంది. అలాగే రెండు నల్లసిరాలు కంటికి ఒకటిగా కనబడినా, రంగుగాజు అడ్డుపెట్టి తీసిన చిత్రంలో ఒకటి ముదురుగాను మరొకటి లేతగాను తేలవచ్చు. ఇక నేరస్థలం సంగతి. గదిలో అడుగుపెట్టిన ప్రతి మనిషీ ఏదో ఒకటి కదుపుతాడు. అందుచేత ఎవరూ ఏమీ ముట్టకముందే, కొలతలు తెలిసేవిధంగా, నిర్ణీత స్థానాలనుంచి ఫోటోలు తీయాలి. అప్పుడు ఆరునెలల తరువాత న్యాయస్థానంలో కూర్చున్న న్యాయమూర్తి కూడా ఆ గదిని ఆనాటి స్థితిలోనే చూడగలుగుతారు. జ్ఞాపకం మారుతుంది, ఫలకం మారదు.

విశ్వవిద్యాలయంలో ఒక కొత్త పీఠం

1906లో లొజాన్ విశ్వవిద్యాలయం రైస్‌ను ఆచార్యపదవిలో నియమించింది. 1909లో ఆయన కృషి ఫలితంగా అక్కడ శాస్త్రీయ పోలీసు విద్యాసంస్థ ఆవిర్భవించింది. విశ్వవిద్యాలయ స్థాయిలో నేరపరిశోధన శాస్త్రాన్ని ఒక క్రమబద్ధమైన చదువుగా బోధించి పట్టం ఇచ్చిన సంస్థలలో ప్రపంచంలో ఇదే మొదటిదని చెబుతారు. అంతవరకు పోలీసు ఉద్యోగంలో చేరినవాడు పాత ఉద్యోగి వెంట తిరిగి నేర్చుకునేదే విద్య. దానిని ప్రయోగశాలకు, తరగతి గదికి, పరీక్షకు లోబరచినవారు రైస్.

ఆ బోధనలో రసాయనం, ఛాయాచిత్రణం, వేలిముద్రలు, అడుగుజాడలు, పనిముట్ల గీతలు, రక్తపు మరకలు, కల్తీ దస్తావేజులు అన్నీ ఉండేవి. ఇతర దేశాలనుంచి కూడా విద్యార్థులు లొజాన్‌కు వచ్చేవారు. ఫ్రాన్సుకు చెందిన ఎడ్మండ్ లొకార్ ఆయనవద్ద ఈ విద్యను పరిశీలించి, 1910లో లియోన్ నగరంలో పోలీసు ప్రయోగశాలను నెలకొల్పారు. రెండు వస్తువులు ఒకదానినొకటి తాకినపుడు ఒకదాని జాడ రెండవదానిపై మిగిలిపోతుందన్న సూత్రం ఆ లొకార్ పేరుతోనే నేటికీ బోధింపబడుతున్నది.

1911లో రైస్ శాస్త్రీయ పోలీసు విద్యపై బృహద్గ్రంథం మొదటి సంపుటాన్ని ప్రచురించారు. దొంగతనాలు, హత్యలు దాని విషయం. తరువాతి సంపుటాలు వెలువడలేదు. 1913లో బ్రెజిల్ దేశంలోని సావో పాలో రాష్ట్ర ప్రభుత్వం ఆయనను ఆహ్వానించి, తమ పోలీసు అధికారులకు ఉపన్యాసాలు ఇప్పించుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల వయస్సుకే రెండు ఖండాలలో గౌరవం పొందిన ఆచార్యుడు ఆయన. కోరుకున్న పదవి, కోరుకున్న ప్రయోగశాల, చుట్టూ శిష్యులు. జీవితం అక్కడితో ప్రశాంతంగా సాగిపోయి ఉండవలసింది.

1914: తరగతి గదికి వెలుపల

1914 జూలై 28వ తేదీన ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యం సెర్బియా అనే చిన్న రాజ్యంపై యుద్ధం ప్రకటించింది. ఆగస్టు 12న దాని సేనలు డ్రీనా నదిని దాటి మాచ్వా అనే సస్యశ్యామలమైన మైదానంలో ప్రవేశించాయి. త్సేర్ పర్వతం వద్ద సెర్బియా సైన్యం వారిని ఓడించింది. ఆగస్టు నెలాఖరుకు ముందే ఆక్రమణసేన నదికి ఆవలకు మరలిపోయింది. ఆ పదిపన్నెండు రోజులలో ఆ గ్రామాలలో నిరాయుధులైన రైతులు, స్త్రీలు, వృద్ధులు, పసివారు పెక్కుమంది హతులయ్యారు. ఆ సంఖ్య 3500 నుంచి 4000 వరకు ఉంటుందని చరిత్రకారుల అంచనా.

యుద్ధకాలంలో ప్రతి పక్షమూ ఎదుటి పక్షంపై ఘోరాలు ఆరోపిస్తుంది. వాటిలో నిజమెంత, కల్పన ఎంత అన్నది దూరంలో ఉన్నవారికి తెలియదు. వినేవారు నమ్మరు, లేదా తమకు ఇష్టమైనదే నమ్ముతారు. ఈ పరిస్థితిలో సెర్బియా ప్రభుత్వం తటస్థ దేశమైన స్విట్జర్లాండునుంచి ఒక శాస్త్రజ్ఞుణ్ణి పిలిపించి విచారణ జరిపించాలని నిశ్చయించింది. ఆ పిలుపు రైస్‌కు వచ్చింది. 1914 శరదృతువులో ఆయన లొజాన్ తరగతి గదిని విడిచి, కెమెరాతో సెర్బియా చేరారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆయనను పిలిచినది యుద్ధంలో ఉన్న ఒక పక్షం. ఆయన ఏమి వ్రాసినా రెండవ పక్షం పక్షపాతమనే అంటుంది. ఆయన పుట్టుకచేత జర్మన్. ఆరోపణకు గురి అయిన సైన్యంలోని అధికారుల భాష ఆయన మాతృభాషే. కనుక ఆయన అనుకూలంగా వ్రాసినా నింద, ప్రతికూలంగా వ్రాసినా నింద. ఈ చిక్కునుంచి బయటపడే దారి ఆయనకు ఒక్కటే కనిపించింది. తాను విద్యార్థులకు నేర్పిన పద్ధతిని ఇక్కడా తప్పకుండా పాటించడం.

చెప్పినవారి మాటలను వ్రాసుకొని తృప్తిపడలేదు. ఊరూరా తిరిగారు. ధ్వంసమైన ఇళ్లలో ప్రవేశించి చూశారు. వీలైనచోట సమాధి గుంతలను తెరిపించారు. మృతదేహాలను, క్షతగాత్రులను పరీక్షించారు. లేష్నిత్స రైల్వేస్టేషను ఆవరణలో ఒకే పెద్ద గోతిలో 109 మంది రైతులు పూడ్చబడినట్లు నమోదు చేశారు. వారిలో ఎనిమిదేళ్ల బాలుడినుంచి ఎనభై ఏళ్ల వృద్ధునివరకు ఉన్నారు. ఆ గోతి పొడవు వెడల్పులు కొలిచారు, ఫోటో తీశారు. ఏ గ్రామంలో ఎందరు, ఏ వయస్సువారు, ఏ విధంగా మరణించారో పట్టికలు తయారుచేశారు. షాబత్స్ పట్టణంలోను, ఫిరంగిదాడికి గురవుతున్న బెల్‌గ్రేడ్ నగరంలోను దెబ్బతిన్న భవనాలను పరిశీలించారు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆయన బాధితులను మాత్రమే ప్రశ్నించి ఊరుకోలేదు. సెర్బియా చెరలో ఉన్న ఆస్ట్రియా హంగరీ సైనికులను కూడా కూర్చోబెట్టి, వారు ఏమి చూశారో, వారికి ఏ ఆజ్ఞలు అందాయో విచారించారు. ఎదుటి పక్షపు సైనికుని నోటినుంచి వచ్చిన మాటకు, గ్రామంలోని గోతి చూపిన సాక్ష్యానికి పొందిక కుదిరినప్పుడు ఆ సంఘటన ఆయన నివేదికలో బలపడింది. పౌరప్రజలపై దయాదాక్షిణ్యాలు చూపరాదని సైనికులకు అందిన ఒక అచ్చుపత్రం దొరకగా దాని ప్రతిరూపాన్ని కూడా ప్రచురించారు. ఆ సామాన్య సైనికులను పుట్టుకతో క్రూరులని ఆయన తీర్మానించలేదు. శత్రుప్రజలను గురించి పైవారు నూరిపోసిన భయం, ద్వేషం ఎలా ఈ దారుణానికి దారితీశాయో వివరించారు. తన విచారణలో కారణాన్ని కూడా వెదకినవాడు కనుకనే ఆయన శాస్త్రజ్ఞుడు.

తుపాకిగుండు చెప్పిన నిజం

ఆయన పద్ధతికి ఒక చక్కని నిదర్శనం తుపాకిగుండ్ల పరీక్ష. సెర్బియా సైనికులలో కొందరి గాయాలు వైద్యులను ఆశ్చర్యపరిచాయి. గుండు ప్రవేశించిన చోట చిన్న రంధ్రం, వెలువడిన చోట చీలిపోయిన పెద్ద గాయం. ఇవి శరీరంలో పేలే గుండ్లని ఆరోపణ వచ్చింది. నాలుగు వందల గ్రాములకంటె తక్కువ బరువు గల పేలుడు గుండ్లను యుద్ధంలో వాడరాదని 1868లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి.

రైస్ వాల్యెవో ఆసుపత్రికి వెళ్లి క్షతగాత్రులను చూశారు. అయితే గాయం ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. మామూలు గుండు కూడా దగ్గరనుంచి తగిలినా, ఎముకకు తగిలినా పెద్ద గాయమే చేయగలదు. అందుచేత శత్రుసైన్యం విడిచిపోయిన తూటాలను సంపాదించి, వాటిని విప్పి చూశారు. కొన్ని తూటాల లోపల మందుగుండు, దానిని అంటించే చిన్న యంత్రభాగం కనబడ్డాయి. అప్పుడు మాత్రమే ఆయన తన నిర్ణయం ప్రకటించారు. గుండు పడినచోటు పొగ ద్వారా తెలుసుకొని గురి సరిచూసుకోవడానికే అవి తయారైనవని సమర్థించేవారు ఉన్నారు. దానికి ఆయన వాదం ఇది: తయారుచేసిన ఉద్దేశం ఏదైనా, అవి మనుషుల దేహాలలో పేలినట్లు గాయాలు చూపుతున్నాయి. గాయం, తూటా, రెండింటినీ కలిపి చూసిన తరువాతనే తీర్పు.

1915లో ఆయన పరిశీలనలు పారిస్‌లో ఫ్రెంచి భాషలో పుస్తకంగా వచ్చాయి. 1916లో ఆంగ్లంలో వెలువడ్డాయి. స్విట్జర్లాండులోని దినపత్రికకు కూడా ఆయన యుద్ధరంగంనుంచి వ్యాసాలు పంపుతూ వచ్చారు.

పీఠాన్ని వదలుకున్న ఆచార్యుడు

విచారణ ముగించుకొని తన ప్రయోగశాలకు మరలి, యథాప్రకారం పాఠాలు చెప్పుకొని ఉంటే రైస్ చరిత్ర ఇంకొక విధంగా ఉండేది. కాని మాచ్వా గ్రామాలలో చూసిన దృశ్యాలు ఆయనను విడిచిపెట్టలేదు. 1915 చివర సెర్బియా రాజ్యం శత్రువుల చేజిక్కగా, ఆ సైన్యం ఆల్బేనియా మంచుకొండలమీదుగా తరలిపోయి, తరువాత గ్రీసు దేశంలోని సాలోనికా యుద్ధరంగంలో మరల నిలిచింది. రైస్ ఆ సైన్యంతోనే ఉన్నారు. 1916 సెప్టెంబరులో 2500 మీటర్లకు పైబడిన కైమాక్‌చలాన్ శిఖరంమీద జరిగిన భీకర సంగ్రామం ఆయన మనస్సులో చెరగని ముద్ర వేసింది. ఆ ఏటి నవంబరులో విముక్తమైన మొనాస్టీర్ పట్టణంపై తరువాత జరిగిన ఫిరంగిదాడుల నష్టాన్ని కూడా ఆయన నమోదు చేశారు. 1918లో సెర్బియా సేనలు స్వదేశంలో ప్రవేశించినపుడు ఆయనా వెంట నడిచారు.

1919లో పారిస్ శాంతి మహాసభలో సెర్బియా ప్రతినిధివర్గంతో కలిసి పాల్గొన్నారు. అదే సంవత్సరం లొజాన్ విశ్వవిద్యాలయ పదవికి రాజీనామా చేసి బెల్‌గ్రేడ్‌లో స్థిరపడ్డారు. ఆయన స్థాపించిన సంస్థ బాధ్యతను ఆయన శిష్యుడు మార్క్ బిషాఫ్ స్వీకరించారు.

ఇది త్యాగమా, పొరపాటా? తన చేతులతో నాటిన చెట్టును పండ్లు కాసే కాలంలో విడిచిపోయారే అని ఒక ఉపాధ్యాయినిగా నాకు అనిపించకపోలేదు. అంతేకాదు, ఒక ప్రజపై ఇంత ప్రేమ పెంచుకున్న వ్యక్తి వారిని గురించి నిష్పక్షపాతంగా చెప్పగలడా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. తరువాతి చరిత్రకారులలో కొందరు ఆ ప్రశ్న వేశారు. దానికి జవాబు రెండు చోట్ల దొరుకుతుంది. మొదటిది, 1914 విచారణ. ఆయన కొలతలు, చిత్రాలు ఎవరైనా పరిశీలించదగినవి. ఆ వేసవిలో పౌరుల సామూహిక వధ జరిగిందన్న ప్రధాన విషయాన్ని తరువాతి పరిశోధనలు కూడా నిర్ధారించాయి. రెండవ జవాబు ఆయన తుదిరోజులలో దొరుకుతుంది.

తుదిరోజులు

యుద్ధానంతరం కొత్త రాజ్యంలో ఆయన పోలీసుశాఖకు శాస్త్రీయ పద్ధతులు నేర్పే పనికి పూనుకున్నారు. బెల్‌గ్రేడ్‌లో పోలీసు శిక్షణకు పునాది వేసినవారిలో ఆయన ముఖ్యులు. తోప్‌చిదేర్ ప్రాంతంలో అక్కడి పల్లె ఇళ్ల పోలికతో ఒక గృహం నిర్మించుకొని, 1918లో శత్రుపంక్తి చీలిన యుద్ధభూమి పేరుమీద దానికి దోబ్రో పోల్యే అని నామకరణం చేశారు.

అయితే ఆయన ప్రేమించిన దేశంలో యుద్ధకాలపు త్యాగస్ఫూర్తి త్వరలోనే సన్నగిల్లింది. పదవులకోసం ప్రాకులాట, లంచగొండితనం, యుద్ధకాలంలో దాగి ఉండి శాంతికాలంలో ధనవంతులైన వారి ఆర్భాటం ఆయనను కలచివేశాయి. శత్రువు తప్పును నిర్భయంగా నమోదు చేసిన చేయి మిత్రుని తప్పువద్ద వణకలేదు. 1928లో ఆయన ఒక చిన్న గ్రంథం వ్రాసి సెర్బియా ప్రజలకు అంకితం చేశారు. వారి ధైర్యాన్ని, ఆతిథ్యాన్ని మెచ్చుకుంటూనే వారి నాయకుల దోషాలను, సమాజంలోని లోపాలను అందులో దాచకుండా ఏకరువు పెట్టారు. అది ఆయన జీవించి ఉండగా వెలుగు చూడలేదు. ముఖస్తుతి చేసి సుఖపడగలిగిన స్థానంలో ఉండి కూడా ఆయన ఆ పని చేయలేదు. పక్షపాతం లేదని నిరూపించుకోవడానికి ఇంతకంటె సాక్ష్యం మరొకటి అక్కరలేదు.

1929 ఆగస్టు 8వ తేదీన పొరుగువారితో జరిగిన ఒక వాగ్వాదం అనంతరం ఆయన హఠాత్తుగా కుప్పకూలి మరణించారు. అప్పటికి ఆయన వయస్సు యాభై నాలుగు సంవత్సరాలు. ప్రపంచయుద్ధంలో ఫిరంగుల మధ్య తిరిగి బ్రతికినవారు, ఇంటి ముంగిట ఒక సామాన్యమైన తగవుతో వెళ్లిపోవడం విధివైపరీత్యం. ఆయన దేహాన్ని తోప్‌చిదేర్ శ్మశానంలో ఖననం చేశారు. ఆయన కోరిక మేరకు గుండెను వేరుచేసి, పాత్రలో ఉంచి, కైమాక్‌చలాన్ శిఖరంపై నిలిపారు. బాడెన్‌లో పుట్టిన దేహం, లొజాన్‌లో వికసించిన మేధ, మాసిడోనియా సరిహద్దు కొండపై విశ్రమించిన హృదయం. ఒక్క జీవితం మూడు నేలలకు చెందింది.

మనకు మిగిలినది

లొజాన్ విశ్వవిద్యాలయంలో ఆయన 1909లో నాటిన సంస్థ శతాబ్దాన్ని దాటి నేటికీ నేరశాస్త్రాల విద్యాలయంగా వర్ధిల్లుతున్నది. మనిషి రక్తపు చుక్కనుంచి జన్యువులను చదవగల స్థాయికి ఈ శాస్త్రం ఎదిగింది. ఆనాటి గాజుపలకల కెమెరాలు ప్రదర్శనశాలలకు చేరాయి. కాని పరికరాలు ఎంత మారినా పద్ధతి మారలేదు. ముందు చూడాలి, ఏమీ కదపకుండా చూడాలి, కొలవాలి, వ్రాసుకోవాలి. ఎదుటి పక్షాన్ని కూడా వినాలి. ఆ తరువాతనే తీర్పు.

ఈ పాఠం పోలీసులకు మాత్రమే కాదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు ఒకరిమీద ఒకరు చెప్పుకున్నప్పుడు తల్లిదండ్రులకు, తరగతిలో వస్తువు కనబడనప్పుడు ఉపాధ్యాయులకు, ఎవరో చెప్పిన మాటను నలుగురికి అందించే ముందు మనందరికీ ఇది అవసరమే. మన పాఠశాల విజ్ఞానశాస్త్ర గదిలో పిల్లలు సుద్దపొడితో గాజుగ్లాసుమీద వేలిముద్రలు తేల్చి చూసి సంబరపడుతుంటారు. అప్పుడు నేను వారికి రైస్ కథ చెప్పి, ఒక్క ప్రశ్న వేస్తాను. ఈ ముద్ర మనకు ఏమి చెబుతున్నదని. దొంగ ఎవరో చెబుతున్నదని చాలామంది అంటారు. ఆలోచించిన పిల్ల ఒకతె ఎప్పుడో ఒకసారి లేచి, ఈ గ్లాసును ఎవరు పట్టుకున్నారో మాత్రమే చెబుతున్నదండీ అంటుంది. ఆ రోజు నా పాఠం సఫలమైనట్లు భావిస్తాను.

వరండాలో నిలబెట్టిన ఆ బాలుడు ఇప్పుడు నడివయస్సువాడై ఉంటాడు. ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. ఆనాడు నేను అతణ్ణి అడగవలసిన ప్రశ్న ఒక్కటే, బల్లవద్దకు ఎందుకు వెళ్లావు నాయనా అని. ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయిన ఉపాధ్యాయినిగా, ప్రశ్న అడగడమే ఒక శాస్త్రంగా నేర్పిన ఆచార్యుని జీవితాన్ని ఈ సంచికలో మీ ముందుంచుతున్నాను. రాబోయే సంవత్సరాలలో మన బడినుంచి వెళ్లే ప్రతి విద్యార్థీ తీర్పుకు ముందు ప్రశ్నను నిలుపుకోగలగాలని మనసారా ఆశీర్వదిస్తున్నాను.